పాతికేళ్ల తరువాత కలుస్తున్నాం: సహాధ్యాయుల విజయాలను ఎంతవరకు తెలుసుకొని వెళ్లాలి?

నీలిసిరా (చర్చ ప్రారంభించిన సభ్యురాలు)

సభ్యులందరికీ నమస్కారం. మేము డిగ్రీ పూర్తి చేసి పాతికేళ్లు నిండుతున్న సందర్భంగా మరో పది వారాల్లో మా బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం జరగబోతోంది. తరగతిలో మేము 62 మందిమి. ఎవరెవరు ఎక్కడ ఉన్నారో, ఏమేమి సాధించారో సేకరించి ఒక చిన్న సంచికగా తీసుకువచ్చే పనిని నేను నెత్తిన వేసుకున్నాను. హాజరుపట్టీలోని పేర్లన్నీ అదే వరుసలో నాకు ఇప్పటికీ కంఠతా వస్తాయి కాబట్టి ఈ పని తేలిగ్గానే అయిపోతుందని అనుకున్నాను.

నెల క్రితం ఒక ఫారం తయారుచేసి గ్రూపులో పెట్టాను. ప్రస్తుత హోదా, పనిచేసే సంస్థ, అందుకున్న పురస్కారాలు, చెప్పుకోదగిన విజయాలు అని అందులో నాలుగు గడులు ఉన్నాయి. ఇంతవరకు నాతో కలిపి 19 మంది మాత్రమే దాన్ని నింపారు. ఆ 19 మందిలో దాదాపు అందరి సంగతులూ గ్రూపులో ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయి, అంటే ఫారం వల్ల నాకు కొత్తగా తెలిసింది చాలా తక్కువ. మిగిలిన 43 మందిలో చాలామంది సందేశాన్ని చూసినట్లు తెలుస్తోంది కానీ ఎవరూ బదులివ్వడం లేదు.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఈ 43 మంది సమాచారాన్ని మర్యాద తప్పకుండా ఎలా సేకరించాలి? అసలు కలవడానికి ముందే ఒకరి విజయాలను ఒకరు ఇంతగా చదువుకొని వెళ్లడం మంచిదేనా? ఏమీ తెలియకుండా వెళ్లి ముఖాముఖి తెలుసుకుంటేనే అందం అని నా స్నేహితురాలు ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

అరల మధ్య

నీలిసిరా గారూ, నేను చాలాకాలంగా గ్రంథాలయ రంగంలో పనిచేస్తున్నాను. మీ మొదటి సందేహానికి నాకు తెలిసినంతవరకు జవాబు చెబుతాను.

వెతుకులాటలో మొదట చిక్కు తెచ్చేవి పేర్లే. హాజరుపట్టీలో ఉన్న పేరు ఒకటి, పాతికేళ్ల తరువాత వాడుకలో ఉన్న పేరు మరొకటి కావచ్చు. పెళ్లి తరువాత ఇంటిపేరు మారినవారు ఉంటారు, పొడి అక్షరాలను విప్పి పూర్తిగా రాసుకుంటున్నవారు ఉంటారు, చదువుకునే రోజుల్లో పిలుపుపేరుతోనే అందరికీ తెలిసి అసలు పేరు ఎవరికీ గుర్తులేనివారు కూడా ఉంటారు. అందుకని పేరు ఒక్కదానితో కాకుండా, పేరుతో పాటు కళాశాల, చదివిన శాఖ, ఉత్తీర్ణులైన సంవత్సరం కలిపి వెతకండి. ఉద్యోగాల్లో ఉన్నవారి వివరాలు ఎక్కువగా లింక్డ్‌ఇన్‌లో దొరుకుతాయి. అయితే మీరు ఎవరి ప్రొఫైల్ చూశారో వారికి తెలిసే అవకాశం ఉంటుందని, ప్రైవేటు మోడ్ పెట్టుకుంటే తప్ప మీ పేరు వారికి కనిపించవచ్చని గుర్తుంచుకోండి. పరిశోధన వైపు వెళ్లినవారి కోసం, పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ (2004లో మొదలైంది) ఉపయోగపడుతుంది. ఒకే పేరుతో పదిమంది పరిశోధకులు ఉన్నప్పుడు వారిని విడదీయడానికే 2012 నుంచి ఓర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య వాడుకలోకి వచ్చింది. మీ వాళ్లలో ఎవరికైనా అది ఉంటే వారి పని మొత్తం ఒకే చోట దొరికే వీలుంటుంది.

ఇంతకంటే ముఖ్యమైనది, దొరికిన సమాచారాన్ని నిర్ధారించుకోవడం. మా బ్యాచ్ కలిసినప్పుడు ఈ పొరపాటు నా చేతుల మీదుగానే జరిగింది. మా సహాధ్యాయి పేరే ఉన్న ఒక శాస్త్రవేత్తకు పురస్కారం వచ్చిన వార్త చూసి, ఫొటో అస్పష్టంగా ఉన్నా పోలిక ఉందనుకొని, గ్రూపులో అభినందనలు రాశాను. గంటలోపే నలభై మంది నా వెనుకనే అభినందించారు. మర్నాడు ఉదయం అతడు, ‘ఆ వ్యక్తిని నేను కాదు, నాది చిన్న వ్యాపారం, అది కూడా ఈ మధ్యనే మూతపడింది’ అని రాయవలసి వచ్చింది. నేను క్షమాపణ కోరాను, అతడు పెద్దమనసుతో మన్నించాడు, కానీ సమ్మేళనానికి రాలేదు. అప్పటినుంచి, కనీసం రెండు వివరాలు సరిపోలితే తప్ప, పైగా ఆ వ్యక్తినే అడిగితే తప్ప, ఒక్క మాట కూడా బయటపెట్టకూడదని నియమం పెట్టుకున్నాను.

చివరి వరుస

నేను ఆ 43 మంది వంటివాణ్ని. నీలిసిరా గారి బ్యాచ్ కాదు, కానీ మా వాళ్లు కూడా అచ్చంగా ఇలాంటి ఫారమే పంపారు కాబట్టి, దాన్ని నింపనివారి తరఫున ఒక మాట చెప్పాలనిపించింది.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన తరువాత ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్లు ఆయన దగ్గరే ఉన్నాను. ఆయనను మంచం మీద ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పడం, ఒంటి మీద పుండ్లు పడకుండా చూసుకోవడం, మింగడం కష్టమైనప్పుడు చెంచాతో కొద్దికొద్దిగా పట్టడం, మాట పోయిన మనిషి కళ్లలో ఏమి అడుగుతున్నాడో కనిపెట్టడం నేర్చుకున్నాను. ఆయన పోయాక మళ్లీ పనిలో చేరాను, కానీ నా ఈడువారు ఉన్న మెట్టు మీద నేను లేను. ఫారం తెరిచి ‘ప్రస్తుత హోదా’ అన్న గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. అబద్ధం రాయలేను, ఉన్నది రాస్తే ఆ నాలుగు గడుల్లోనూ నా ఎనిమిదేళ్లు ఎక్కడా పట్టవు. ఏమీ రాయకుండానే మూసేశాను.

ఫారం నింపనివారికి బద్ధకమనో, స్నేహితుల మీద అభిమానం లేదనో దయచేసి అనుకోకండి. గ్రూపులో వచ్చే ప్రతి శుభవార్తా నేను చదువుతాను, చదివి మనస్ఫూర్తిగా సంతోషిస్తాను. నా వంతు వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడదు.

మనోవీధి

చివరి వరుస గారూ, మీరు ఇంత నిజాయతీగా రాసినందుకు కృతజ్ఞతలు. నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. మీరు చెప్పినదానికీ నీలిసిరా గారి రెండవ సందేహానికీ దగ్గర సంబంధం ఉంది.

మనిషి తన స్థితిని అంచనా వేసుకోవడానికి సరైన కొలబద్ద దొరకనప్పుడు తనవంటివారితో పోల్చుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1954లో ప్రతిపాదించాడు. ఇందులో ‘తనవంటివారు’ అన్న మాటే కీలకం. ఎక్కడో ఉన్న ప్రసిద్ధుల విజయం మనల్ని పెద్దగా కదిలించదు, పక్క బల్ల మీద కూర్చొని అదే పాఠం విని అదే పరీక్ష రాసినవారి విజయం మాత్రం నేరుగా తాకుతుంది, ఎందుకంటే ఇద్దరూ ఒకే గీత దగ్గర బయలుదేరారని మనసు లెక్క వేసుకుంటుంది. ఇంటి పరిస్థితులు, ఆరోగ్యం, మీద పడిన బాధ్యతలు వేరువేరు అన్న సంగతి ఆ లెక్కలోకి రాదు.

పైగా మనకు చేరే వార్తల్లోనే ఒక వంకర ఉంది. స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1991లో ఒక విషయాన్ని గణితపరంగా చూపించాడు: సగటున చూస్తే, మన స్నేహితులకు మనకంటే ఎక్కువమంది స్నేహితులు ఉంటారు. ఎక్కువ పరిచయాలు ఉన్నవారు ఎక్కువమంది జాబితాల్లో పడతారు కాబట్టి అలా జరుగుతుంది. బ్యాచ్ గ్రూపుల్లోనూ ఇదే కనిపిస్తుందని నా అభిప్రాయం. పదిమందితో సంబంధాలు నిలుపుకున్నవారి వార్తలు పదివైపుల నుంచీ వస్తాయి, ఒంటరిగా ఉన్నవారి వార్త ఏ వైపు నుంచీ రాదు. అలా మనం చూసే కొద్దిమందినే తరగతి మొత్తంగా ఊహించుకొని, అందరూ ముందుకు వెళ్లిపోయారని, తామొక్కరే ఆగిపోయారని ఎంతోమంది అనుకుంటూ ఉంటారు. నీలిసిరా గారికి వచ్చిన 19 జవాబులూ ముందే తెలిసిన సంగతులు కావడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఇక వెళ్లేముందు ఏమి తెలుసుకోవాలి అన్నదానికి నా జవాబు: హోదాల కంటే ముందు పేర్లు, ముఖాలు. బాహ్రిక్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి 392 మంది హైస్కూలు పూర్వ విద్యార్థులను పరీక్షించి 1975లో ఫలితాలు ప్రచురించాడు. చదువు ముగిసి పదిహేనేళ్లయినా పాత ఫొటోల్లో సహాధ్యాయుల ముఖాలను సుమారు 90 శాతం కచ్చితత్వంతో గుర్తుపట్టగలిగారు. ఏ ఆధారమూ లేకుండా పేర్లను సొంతంగా గుర్తుతెచ్చుకోమన్నప్పుడు మాత్రం బాగా తడబడ్డారు. 1987లో జరిగిన మరో పరిశోధనలో, ఒకే పదాన్ని ఒక మనిషి వృత్తిగా చెబితే గుర్తున్నంతగా అతని ఇంటిపేరుగా చెబితే గుర్తుండదని తేలింది. వృత్తికి అల్లుకొని ఎన్నో చిత్రాలు ఉంటాయి, పేరుకు అటువంటి ఆసరా ఉండదు. అందుకే ఎదురుపడ్డ మనిషి ఏ హాస్టల్ గదిలో ఉండేవాడో, ఏ పరీక్ష తప్పాడో అంతా గుర్తుకు వచ్చి, పేరు ఒక్కటి నాలుక చివర ఆగిపోతుంది. పాత గ్రూపు ఫొటో ముందు పెట్టుకొని రోజుకు ఒక వరుస చొప్పున పేర్లు చెప్పుకోండి. పాతికేళ్ల తరువాత తన పేరుతో తడుముకోకుండా పిలిచిన మనిషిని ఎవరూ మరచిపోరు.

మలిపొద్దు

పైన రాసినవారి పట్ల గౌరవం ఉంచుకొనే, కొంత భిన్నంగా మాట్లాడదలచుకున్నాను.

చర్చ సాగుతున్న తీరు చూస్తే, విజయాల ప్రస్తావనే ఇతరులను నొప్పించే పని అన్నట్లు తయారవుతుందేమోనని నాకు భయంగా ఉంది. నేను ఇద్దరు పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చాక, నలభై దాటిన వయసులో పరిశోధనలో చేరి డాక్టరేట్ పూర్తి చేశాను. ఆరేళ్లపాటు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, ఇల్లు నిద్రలేచే లోపల రెండు గంటలు రాసుకున్నాను. గైడ్ మధ్యలో పదవీ విరమణ చేస్తే మరొకరిని బతిమాలి ఒప్పించుకున్నాను. డిగ్రీ చేతికి వచ్చిన ఏడాదే మా సమ్మేళనం జరిగింది. అక్కడ ఎవరూ ఎవరి పనినీ అడగకూడదని నిర్వాహకులు మంచి ఉద్దేశంతోనే నియమం పెట్టారు. రోజంతా పాత జ్ఞాపకాలు, పాటలు, ఫొటోలతో గడిచింది. చదువులో నాకు పోటీగా నిలిచిన స్నేహితురాలి పక్కనే మూడు గంటలు కూర్చున్నాను. చెప్పుకుంటే గొప్పలకు పోయినట్లు ఉంటుందని నేను చెప్పలేదు, నియమం ప్రకారం ఆమె అడగలేదు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు మనల్ని ఎరిగినవారు ఇప్పుడు మనల్ని చూడాలన్న కోరిక తప్పు కాదు. ఆ డాక్టరేట్ విలువ కొత్తగా పరిచయమైనవారికి తెలియదు. రెండో సంవత్సరంలో ఫీజు కట్టలేక నేను చదువు మానేద్దామనుకున్న రోజు నా పక్కన ఉన్నవారికే తెలుస్తుంది. నీలిసిరా గారూ, మీరు సంచిక వేయండి, అందులో విజయాలకు చోటు కూడా ఇవ్వండి. వాటిని తీసేస్తే చివరి వరుస గారి బాధ తీరదు, నావంటివారి సంతోషం మాత్రం పోతుంది.

చివరి వరుస

మలిపొద్దు గారూ, నేను మీ బ్యాచ్‌లో ఉండి ఉంటే తప్పకుండా అడిగేవాణ్ని. మీ డాక్టరేట్ గురించి చదివి నాకు చిన్నతనం కలగలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవడమంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి, ఆ మాట చదవగానే మీరు నాకు దగ్గరి మనిషిలా అనిపించారు. నన్ను ఆపినవి ఇతరుల విజయాలు కావు, ఆ నాలుగు గడులే అని ఇప్పుడు అర్థమవుతోంది.

పాత సంచిక

రెండు సమ్మేళనాలకు సంచికలు కూర్చిన అనుభవంతో రాస్తున్నాను. చివరి వరుస గారి ఆఖరి వాక్యం అసలు చిక్కును పట్టుకుంది. ఫారంలో ప్రశ్న ఎలా అడిగితే జవాబు అలా వస్తుంది. గడులు ఉద్యోగ దరఖాస్తులా ఉంటే, దరఖాస్తు పెట్టుకోగలిగినవారే నింపుతారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రతి తరగతికీ ఐదేళ్లకు ఒకసారి ఒక నివేదిక పుస్తకం వెలువడే సంప్రదాయం ఉంది. దాని అట్ట రంగును బట్టి ‘ఎర్ర పుస్తకం’ అని పిలుస్తారు. సమ్మేళనానికి ముందు పూర్వ విద్యార్థులు తమ గురించి తామే రాసుకున్న మాటలు అందులో అచ్చవుతాయి. తన గురించి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో, ఎంత పొడవు చెప్పాలో ఆ మనిషే నిర్ణయించుకునే ఆ పద్ధతి నాకు నచ్చింది. అదే దారిలో మొదటి సంచికలోని గడులన్నీ తీసేసి, రెండవసారి మూడు ప్రశ్నలు మాత్రమే అడిగాను. ఇన్నేళ్లలో మీ కాలాన్ని ఎక్కువగా తీసుకున్నది ఏది? మీకు సంతృప్తినిచ్చిన పని ఒకటి చెప్పండి, అది ఉద్యోగానికి సంబంధించినది కానక్కరలేదు. తరగతిలో ఎవరిని ఏమి అడగాలని ఉంది? మూడో ప్రశ్న నేను ఊహించని మేలు చేసింది. ఎప్పుడూ జవాబివ్వని ఒకతనికి, అతని పేరు మీద వచ్చిన నాలుగు ప్రశ్నలను పంపాను. రెండు పేజీలు రాసి పంపించాడు.

గ్రూపులో పెట్టిన సందేశం అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. ఒక్కొక్కరికి విడిగా, వారి ఒక్కరికే వర్తించే ఒక జ్ఞాపకంతో మొదలుపెట్టి రాయండి. ఇన్నేళ్ల తరువాత ఏ ముఖంతో పలకరించాలని సంకోచించకండి. అనుకోకుండా పలకరించినప్పుడు అవతలివారు పొందే సంతోషాన్ని పలకరించేవారు తక్కువగా అంచనా వేస్తారని 2022లో పెగ్గీ లియు అనే పరిశోధకురాలి బృందం ప్రచురించిన పరిశోధన చెబుతోంది. నా అనుభవం కూడా అదే.

ఒక్క హెచ్చరిక. అభినందనలు పంపేముందు మనుషులు ఉన్నారో లేదో తెలుసుకోండి. మా మొదటి సంచిక సమయంలో ఒక సహాధ్యాయికి ఉద్యోగంలో పదిహేనేళ్లు పూర్తయినట్లు ఒక ఆన్‌లైన్ వేదిక చూపిస్తే, అభినందిస్తూ సందేశం పంపాను. అతను చనిపోయి అప్పటికి ఏడాది దాటింది. అతని భార్య ఆ సందేశం చూసి, ‘మీరు ఆయనను తలచుకున్నారు, అదే చాలు’ అని బదులిచ్చారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. వెళ్లిపోయినవారి పేజీలు సంచిక చివర విడిగా పెట్టకుండా, హాజరుపట్టీ వరుసలో వారి స్థానంలోనే ఉంచాలని అప్పటినుంచి పట్టుబడుతున్నాను.

అరల మధ్య

పాత సంచిక గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు సంచికలో వేయకండి, అడిగి అనుమతి తీసుకున్నవారివి విడిగా ఒక కాగితం మీద ఇవ్వండి. లింకు ఉన్న ప్రతివారూ తెరవగలిగే షీటులో పెట్టడం అసలే వద్దు. అచ్చుకు పంపేముందు ఎవరి పేజీ వారికి చూపించి, మార్పులకు వారం రోజులు గడువు ఇవ్వండి.

నీలిసిరా

ఐదు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. మీరందరూ చెప్పిన తరువాత పాత ఫారాన్ని తీసేశాను. మూడు ప్రశ్నలతో 43 మందికి విడివిడిగా రాశాను. ఒక్కొక్కరి గురించి ఒక్కొక్క జ్ఞాపకం వెతుక్కోవడానికే పది రాత్రులు పట్టింది. కొందరి విషయంలో ఎంత తవ్వినా నాకు ఏమీ దొరకలేదు. పేర్లన్నీ కంఠతా వచ్చినంత మాత్రాన ఆ మనుషులు తెలిసినట్లు కాదని అప్పుడు గ్రహించి, వారికి ఆ సంగతే దాచకుండా రాశాను.

ఇప్పటికి 51 పేజీలు వచ్చాయి. ముగ్గురు మన మధ్య లేరని తెలిసింది, వారిలో ఒకరి సంగతి మా ఎవరికీ తెలియదు. ఆమె పేజీని ఆమె కూతురు రాసి పంపింది. హాజరుపట్టీలో నా పేరుకు సరిగ్గా ముందుండేది ఆమె పేరే, సంచికలోనూ అక్కడే ఉంటుంది.

మలిపొద్దు గారూ, పురస్కారాలు, పదోన్నతులు, పుస్తకాలు అన్నీ సంచికలో ఉన్నాయి, ఒక్కటి కూడా తీసెయ్యలేదు. అయితే ప్రయోగశాలలో గాజునాళికలు పగలగొట్టి రోజూ తిట్లు తినే మా మిత్రుడు ఈరోజు శస్త్రచికిత్సలు చేస్తున్నాడన్న వాక్యం పక్కనే, ఆ నాళికల ఖరీదు తన జేబులోంచి కట్టింది తానేనని మరొకరు మూడో ప్రశ్న కింద రాయడంతో, ఆ విజయం మా తరగతిది అయింది. చివరి వరుస గారూ, అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం వదిలినవారు మా బ్యాచ్‌లో ఇద్దరు ఉన్నారు. పాత ఫారం అలాగే ఉంచి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

చివరి వరుస

మా నిర్వాహకులకు ఈ చర్చలోని మూడు ప్రశ్నలను పంపించాను. వారు ఫారం మార్చలేదు కానీ, నన్ను ఆ మూడింటికీ జవాబు రాసి పంపమన్నారు. ఒక పేజీ రాశాను. మా నాన్నగారి కళ్ల గురించి రాశాను.

నీలిసిరా

ఆ పేజీ మాకు కూడా చూపించగలిగితే సంతోషిస్తాం. మా వాళ్లలో ఇంకా ఎనిమిదిమంది దొరకలేదు. ఇద్దరి పాత చిరునామాలు కళాశాల రికార్డుల్లో ఉన్నాయట, కానీ నేరుగా ఇవ్వడం కుదరదని, ఉత్తరాలు ఇస్తే తామే పంపుతామని కార్యాలయంవారు చెప్పారు. ఈరోజు రెండు ఉత్తరాలు చేతిరాతతో రాసి ఇచ్చి వచ్చాను. సంచికలో ఆ ఎనిమిది పేజీలూ పేర్లతో ఖాళీగా ఉంచుతున్నాం, వచ్చినవారు అక్కడే కూర్చొని రాసుకోవచ్చు.